ఖాతాలో పడిన డబ్బు: పల్లె పేదల ఇళ్లలో నగదు బదిలీ

ప్రతి నెలా ఒకటో తేదీన పొద్దుపొద్దున్నే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సచివాలయ ఉద్యోగులు వేలిముద్ర యంత్రం, నోట్ల కట్టలు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. ముసలివాళ్లకు, భర్త పోయిన ఆడవాళ్లకు, దివ్యాంగులకు పింఛను చేతిలో పెట్టి వెళ్తారు. 2024 జూలై 1న వృద్ధులు, వితంతువుల పింఛను 3,000 రూపాయల నుంచి 4,000కు, దివ్యాంగులది 6,000కు పెరిగింది. ఏప్రిల్ నుంచి రావలసిన తేడా కూడా కలిపి ఆ ఒక్క రోజు వృద్ధులకు 7,000 రూపాయలు ముట్టాయి. రాష్ట్రంలో ఇలా పింఛను అందుకునేవారు 60 లక్షలకు పైమాటే. మంచం మీద కూర్చునే తీసుకునే ఈ సొమ్ము, సీజన్‌కు ముందు పట్టాదారు ఫోన్‌లో మోగే రైతు సాయం మెసేజ్, బడి తెరిచే వేళ తల్లి ఖాతాలో పడే 13,000 రూపాయలు అన్నీ ఒకే కోవలోకి వస్తాయి. వీటినే ప్రత్యక్ష నగదు బదిలీ అంటారు.

సరుకు, సేవ, రాయితీ రూపంలో కాకుండా డబ్బు రూపంలో, దళారీ ఎవరూ లేకుండా కుటుంబానికి అందే సాయం ఇది. తిరిగి కట్టే పని లేదు కాబట్టి అప్పు కాదు, పనికి బదులుగా ఇచ్చేది కాదు కాబట్టి కూలీ కూడా కాదు. పింఛన్ల వంటివాటికి అర్హత ఉంటే చాలు. పిల్లను బడికి పంపాలి, కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి వంటి షరతులతో వచ్చేవి మరికొన్ని.

ఎంత ఇస్తారన్నదే ఎన్నికల సభల్లో వినిపించే ప్రశ్న. పాతికేళ్లుగా మెక్సికో, కెన్యా, మధ్యప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో జరిగిన పరిశోధనలు చూస్తే మొత్తం కంటే వేరే సంగతులే ముందుకొస్తాయి. డబ్బు ఏ నెలలో వచ్చింది, ఇంట్లో ఎవరి చేతికి వచ్చింది, ఏ కాగితం చూసి ఇచ్చారు, తీసుకోవడానికి ఎంత దూరం నడవాలి అన్నవాటి మీదే ఫలితం చాలావరకు తేలుతోంది.

మెక్సికో నుంచి మన ఊరి దాకా

ఈ పద్ధతికి పెద్ద ఎత్తున నాంది పలికింది 1997లో మెక్సికో ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ప్రోగ్రెసా’. ఆర్థికవేత్త శాంతియాగో లెవీ దాని రూపకర్త. అంతకుముందు రొట్టెలకూ పాలకూ ఇచ్చిన రాయితీల్లో ఎక్కువ భాగం పట్టణాల్లోనే ఖర్చవుతోందని గమనించి, ఆ సొమ్మును పల్లెల్లో తల్లుల చేతికి నేరుగా ఇచ్చే ఏర్పాటు చేశారు. పిల్లలు బడికి వెళ్లాలి, కుటుంబమంతా ఆరోగ్య కేంద్రంలో పరీక్షలు చేయించుకోవాలి. పెద్ద తరగతుల్లో ఆడపిల్లలే ఎక్కువగా చదువు మానేస్తున్నారు కాబట్టి వాళ్లకు మగపిల్లలకంటే కాస్త ఎక్కువ మొత్తం ఇచ్చారు. పథకాన్ని అంచనా వేయడానికి 506 గ్రామాలను తీసుకొని, చీటీ వేసినట్టుగా 320 ఊళ్లలో ముందు ఇచ్చి, మిగిలిన 186 ఊళ్లను కొంతకాలం ఆపారు. ఆ తేడా వల్లే ఫలితాలను లెక్కగట్టడం వీలైంది. ఆరో తరగతి దాటాక ఆడపిల్లల చేరికలు స్పష్టంగా పెరిగాయి. అందిన ప్రతి పెసోలో దాదాపు ముప్పావు వంతు తిండికీ ఇంటి ఖర్చుకూ పోగా, మిగతాది కోళ్లు, పశువులు, చిన్న వ్యాపారాల మీద పెట్టుబడిగా మారిందని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. పథకం రెండుసార్లు పేరు మార్చుకొని 2019లో ముగిసింది. అప్పటికే బ్రెజిల్ 2003లో మొదలుపెట్టిన ‘బోల్సా ఫమీలియా’ కోటికి పైగా కుటుంబాలకు చేరింది.

భారతదేశంలో దీని మూలాలు పింఛన్లలో ఉన్నాయి. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద వృద్ధులకు కేంద్రం నెలకు 75 రూపాయలు ఇచ్చేది. పోస్ట్‌మ్యాన్ ద్వారానో పంచాయతీ ఆఫీసులోనో అందే ఆ డబ్బు ఎప్పుడు వస్తుందో, చేతికి ఎంత మిగులుతుందో చెప్పే నాథుడు ఉండేవాడు కాదు. 2013 జనవరి 1న ప్రత్యక్ష లబ్ధి బదిలీ 20 జిల్లాల్లో మొదలైంది. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి. ఖాతా, ఆధార్, సెల్‌ఫోన్ మూడూ జతపడ్డాయి. చాలా తెలుగు కుటుంబాలకు ఈ మార్పు మొదట తెలిసింది గ్యాస్ బండ దగ్గరే. పూర్తి ధర కట్టి సిలిండర్ తీసుకుంటే, రాయితీ తర్వాత ఖాతాలో పడేది.

2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ అందరికీ కనీస ఆదాయం అనే ఆలోచనకు ఏకంగా ఒక అధ్యాయం కేటాయించారు. 2018లో తెలంగాణ రైతుబంధు, ఆ వెంటనే ఒడిశా ‘కాలియా’, 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ అనే రైతు సాయ పథకాలు వచ్చాయి. ఎన్నికల క్యాలెండర్‌ను పక్కన పెట్టుకొని చూస్తే ఈ వరసలో అంత ఆశ్చర్యం ఏమీ ఉండదు.

డబ్బు ఇంట్లోకి వచ్చాక

పల్లె పేద కుటుంబానికి ఏడాది పొడవునా ఆదాయం ఒకేలా ఉండదు. నాట్లకు, కోతలకు కూలీ దొరుకుతుంది; మధ్య నెలల్లో దొరకదు. పెళ్లి, జబ్బు, బోరు ఎండిపోవడం మాత్రం సీజన్ చూసుకొని రావు. ఆ సందుల్లోనే అప్పు పుడుతుంది. కాబట్టి నెలనెలా కచ్చితంగా వచ్చే చిన్న మొత్తం కూడా కుటుంబం లెక్కల్ని మారుస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి దేశంలో వివరంగా జవాబు వెతికింది మధ్యప్రదేశ్‌లో ‘సేవ’ మహిళా సంఘం, యునిసెఫ్ ఆర్థిక సాయంతో 2011లో మొదలుపెట్టిన ప్రయోగం. ఇండోర్ ప్రాంతంలో 8 గ్రామాల్లో ప్రతి మనిషికీ, ధనిక పేద తేడా లేకుండా, ఏ షరతూ లేకుండా డబ్బిచ్చారు. పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు. ఏడాది తర్వాత అవి 300, 150 అయ్యాయి. డబ్బు అందని 12 గ్రామాలతో పోల్చి చూశారు. ఒక గిరిజన గ్రామంలోనూ విడిగా ఇదే పని జరిగింది. మొత్తం 6,000 మందికి పైగా లబ్ధి పొందారు. గై స్టాండింగ్, రెనానా ఝాబ్‌వాలాతో కలిసి ఈ పనిని నడిపించినవారిలో హైదరాబాద్ సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల ఒకరు.

ఐదుగురున్న ఇంటికి నెలకు ఏడెనిమిది వందలు వచ్చాయనుకోవచ్చు. అప్పటి ధరల్లో కూడా అది గొప్ప మొత్తమేమీ కాదు. అయినా పిల్లల బరువు, ముఖ్యంగా ఆడపిల్లల బరువు మెరుగుపడింది. కూరగాయలు, పప్పు, గుడ్లు పళ్లెంలోకి వచ్చాయి. పెద్ద క్లాసుల ఆడపిల్లలు బడి మానడం తగ్గింది. గిరిజన గ్రామంలో మార్పు ఇంకా స్పష్టంగా కనిపించింది: అప్పు కింద ఆసాముల పొలాల్లో కట్టుబడి పనిచేసేవాళ్లు కొందరు బాకీ తీర్చి సొంత చెలక దున్నుకోవడం మొదలుపెట్టారు. కూలి పని తగ్గి సొంత సేద్యం పెరిగింది కాబట్టి, పైపైన చూసేవాళ్లకు ‘డబ్బు వచ్చి కూలికి రావడం మానేశారు’ అనిపించే అవకాశం ఉంది. కూలీలు దొరకడం లేదని మోతుబరి రైతులు చేసే ఫిర్యాదును ఈ కోణంలోనూ చూడాలి.

సోమరితనం అనే మాట నగదు బదిలీ ఎక్కడ మొదలైనా ముందుగా వినిపిస్తుంది. అభిజిత్ బెనర్జీ, రెమా హన్నా, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లోని ఏడు పథకాల వివరాలను కలిపి పరిశీలించారు. డబ్బు అందినందువల్ల జనం పని మానేశారనడానికి క్రమబద్ధమైన ఆధారం ఎక్కడా దొరకలేదు. రెండో అనుమానం మందు. డేవిడ్ ఇవాన్స్, అన్నా పోపోవా 19 పరిశోధనలను జల్లెడ పట్టి, నగదు సాయం వల్ల సారా, పొగాకు ఖర్చు పెరగలేదని, కొన్ని చోట్ల కొంచెం తగ్గిందని తేల్చారు. బెల్టు షాపు లేని తెలుగు పల్లె అరుదు కాబట్టి ఈ ఫలితం నమ్మడం చాలామందికి కష్టమే. కానీ తాగేవాడు డబ్బు రాకముందూ తాగుతూనే ఉన్నాడు; కొత్తగా వచ్చిన డబ్బు, అందులోనూ ఇంటావిడ చేతికి వచ్చిన డబ్బు, వేరే దారి పడుతుంది.

నెలనెలా కొంచెమా, ఒకేసారి పెద్ద మొత్తమా

కెన్యా పడమటి ప్రాంతంలోని రారియెడాలో 2011 నుంచి ‘గివ్‌డైరెక్ట్లీ’ అనే సంస్థ గడ్డి కప్పు ఉన్న ఇళ్లను గుర్తించి ఎంపెసా అనే మొబైల్ చెల్లింపు సేవ ద్వారా ఫోన్‌కే డబ్బు పంపింది. గడ్డి కప్పే పేదరికానికి గుర్తు. కొందరికి మొత్తం ఒకేసారి, కొందరికి నెలవారీ వాయిదాల్లో ఇచ్చారు. యోహానెస్ హౌషోఫర్, జెరెమీ షపీరో లెక్కల్లో ఈ రెండు గుంపుల ఖర్చు తీరు వేరుగా తేలింది. నెలనెలా అందుకున్నవాళ్ల ఇళ్లలో తిండికి లోటు తగ్గింది. ఒకేసారి అందుకున్నవాళ్లు రేకుల కప్పు వేసుకున్నారు, పశువులు కొన్నారు. రేకుల కప్పు ఆడంబరంలా కనిపించవచ్చు గానీ, ఏటా గడ్డి మార్చే ఖర్చు తప్పించే పెట్టుబడి అది.

ఇదే సంస్థ 2018లో కెన్యాలో 295 గ్రామాలతో మరో పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. కొన్ని ఊళ్లలో పన్నెండేళ్లపాటు రోజుకు సుమారు 75 అమెరికన్ సెంట్ల లెక్కన, కొన్నిచోట్ల రెండేళ్లే అదే రేటున, మరికొన్ని ఊళ్లలో రెండేళ్ల మొత్తాన్ని ఒకేసారి ఇవ్వాలన్నది ఏర్పాటు. రెండేళ్లయ్యాక తీసిన తొలి ఫలితాల్లో కొత్త వ్యాపారాలు పెట్టినవాళ్లు ఒకేసారి అందుకున్నవారిలోనూ, పన్నెండేళ్ల హామీ ఉన్నవారిలోనూ ఎక్కువగా కనిపించారు. రెండేళ్ల నెలవారీ సాయం వాళ్లు వెనకబడ్డారు. పన్నెండేళ్ల హామీ ఉన్నవాళ్లు చేసిన పని తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. నెలనెలా వచ్చేదాన్ని కలిపి చీటీలు కట్టి, వంతుల వారీగా పెద్ద మొత్తం చేసుకున్నారు. డబ్బు రేపు కూడా వస్తుందన్న నమ్మకం ఉంటేనే చీటీ కట్టగలరు.

సేద్యంలో కాలం విలువ ఇంకా ఎక్కువ. తెలంగాణలో రైతుబంధును 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర ప్రారంభించి ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయల చెక్కులు ఇచ్చారు. మరుసటి ఏడాది అది 5,000 అయింది. విత్తనాలు, ఎరువులు కొనే సమయానికి ముందే డబ్బు చేరాలన్నది ఉద్దేశం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చుకున్న రైతు ఆరు నెలల తర్వాత 5,900 కట్టాలి. మేలో అందిన సాయం ఆ 900 కూడా మిగులుస్తుంది, ఆగస్టులో అందితే అది పాత బాకీకే పోతుంది. తర్వాతి ఏళ్లలో ముందు ఎకరం లోపు వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు అన్న వరసలో జమ చేసే పద్ధతి వచ్చింది. చిన్న రైతుకు మొదట అందడం బాగానే ఉంది గానీ, వరస సాగిసాగి కొన్ని సీజన్లలో నాట్లు దాటిపోయాయి. 2024 వానాకాలానికి సాయమే అందలేదు. 2025 జనవరి 26 నుంచి ‘రైతు భరోసా’ పేరుతో ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున మళ్లీ మొదలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల తల్లులకు డబ్బిచ్చేందుకు 2020 జనవరి 9న మొదలైన అమ్మ ఒడి తొలి రెండేళ్లు సంక్రాంతి ముందు జనవరిలో అందింది. 2022 నుంచి జూన్‌కు మారింది. బడి తెరిచే నెలలో నోటు పుస్తకాలు, బూట్లు, ఫీజుల ఖర్చు మీద పడుతుంది. పండగ ముందు కొత్త బట్టలు, పిండివంటలు పోటీకొస్తాయి.

ఎవరి చేతికి

దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛన్లు నల్లజాతివారికి కూడా సమానంగా విస్తరించాక ఎస్తేర్ డఫ్లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో పింఛను వస్తుంటే మనవరాళ్ల బరువు, ఎదుగుదల మెరుగయ్యాయి. అదే పింఛను తాతకు వస్తే అలాంటి మార్పు కనిపించలేదు. తర్వాత వచ్చిన ఎన్నో పథకాలు తల్లి ఖాతాను ఎంచుకోవడం వెనక ఇలాంటి ఫలితాలే ఉన్నాయి.

ఖాతా పేరు మారితే సరిపోదని మధ్యప్రదేశ్ ఉత్తర జిల్లాల అనుభవం చెబుతుంది. ఉపాధి హామీ కూలీ అక్కడ ఎక్కువగా భర్త ఖాతాలో పడేది. ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే బృందం కొందరు మహిళలకు సొంత ఖాతాలు తెరిపించి, వాళ్ల కూలీ వాళ్ల ఖాతాకే వచ్చేలా చేసి, బ్యాంకుకు వెళ్లి డబ్బు ఎలా తీసుకోవాలో కాసేపు నేర్పించింది. మూడూ కలిసినప్పుడు మహిళలు ఉపాధి పనికే కాకుండా బయటి పనులకూ ఎక్కువగా వెళ్లారు. భార్య పనికి వెళ్లడం ఇష్టంలేని భర్తలున్న ఇళ్లలో ఈ మార్పు ఇంకా బలంగా ఉంది. ఇది కూలీ సొమ్మే గానీ సాయం కాదు. అయినా సొంత ఖాతాకు ఉన్న శక్తి ఇందులో తేటగా కనిపిస్తుంది.

తెలుగు పల్లెల్లో ఈ పాఠం చాలావరకు ముందే అయిపోయింది. డ్వాక్రా సంఘాల వల్ల పాసు పుస్తకం, తీర్మానం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం ఆడవాళ్లకు అలవాటే. ఇతర రాష్ట్రాలు ఇటీవల నేరుగా మహిళలకే నెలవారీ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2021లో పశ్చిమ బెంగాల్, 2023లో మధ్యప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, 2024లో మహారాష్ట్ర ఆ దారి పట్టాయి. తమిళనాడు తన 1,000 రూపాయలను సాయం అనకుండా గృహిణుల హక్కు సొమ్ము అని పేరు పెట్టింది.

షరతు పెడితే

షరతు పెట్టాలా వద్దా అన్న వాదనకు మలావీలోని జోంబా ప్రాంతం నుంచి ఆసక్తికరమైన సమాధానం వచ్చింది. 2008-09లో అక్కడ టీనేజ్ ఆడపిల్లల కుటుంబాల్లో కొందరికి బడికి వెళ్తేనే డబ్బు అన్నారు, కొందరికి ఏ షరతూ పెట్టలేదు. చదువు విషయంలో షరతే గెలిచింది. కానీ చిన్న వయసు పెళ్లిళ్లు, గర్భాలు మాత్రం షరతు లేని గుంపులోనే ఎక్కువగా తగ్గాయి. ఎందుకంటే బడి మానేసిన పిల్లకు షరతు పథకం ఆ రోజు నుంచే డబ్బు ఆపేస్తుంది. సాయం ఎక్కువ అవసరమైన పిల్లే జాబితా నుంచి పోతుంది.

భారతదేశంలో షరతు బాగా పనిచేసిన చోట్లున్నాయి. 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన, వెనకబడిన రాష్ట్రాల పల్లె తల్లులకు ఆసుపత్రి కాన్పుకు 1,400 రూపాయలు ఇచ్చింది. ఆసుపత్రి కాన్పులు వేగంగా పెరిగాయి. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని 2,000 ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ లెక్క ప్రకారం హైస్కూల్లో ఆ వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి. బడి మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలోనే ఈ ప్రభావం ఎక్కువ. అడ్డంకి దూరమని తెలిసింది కాబట్టి మందు సరిగ్గా తగిలింది.

అమ్మ ఒడికి 75 శాతం హాజరు షరతు ఉండేది. ఎంతమంది పిల్లలున్నా తల్లికి 15,000 రూపాయలే. 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. 15,000లో 2,000 బడి నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. ముగ్గురు పిల్లలున్న కూలీ ఇంటికి ఈ మార్పుతో 39,000 అందాయి. తెలంగాణ కల్యాణలక్ష్మిలో పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాలన్నది షరతు, 1,00,116 రూపాయలు ఆమె తల్లి చేతికి వెళ్తాయి.

కాన్పు సాయం విషయంలో కేంద్రం తీరు మాత్రం పేలవం. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకే 5,000 అని కుదించి, దాన్నీ మూడు వాయిదాలు చేసి, వాయిదాకో ఫారం పెట్టింది.

పట్టా ఒకరిది, సాగు ఒకరిది

రైతుకు డబ్బు అనగానే రైతు ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకాన్నే ఆధారంగా తీసుకుంది. ఎకరాలకు పరిమితి లేదు, పొలం ఎవరు దున్నుతున్నారన్న విచారణ లేదు. అందుకే అది వేగంగా నడిచింది. అందుకే హైదరాబాద్‌లో కాపురముండే యజమానికి అందింది, ఊళ్లో ఉండి కౌలు కట్టి పత్తి వేసినవాడికి అందలేదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణ గ్రామాల్లో చేసిన సర్వేలో రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని తేలింది. కౌలు రైతు మీద రెండు దెబ్బలు పడతాయి: సాయం యజమానికి వెళ్తుంది, బ్యాంకు అప్పు పుట్టక వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లాలి. భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం ఉందని ‘పార్ట్-బి’లో పెట్టిన భూముల వాళ్లు పట్టా ఉన్నా ఏళ్ల తరబడి బయటే ఉండిపోయారు.

ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో రైతు భరోసా ప్రారంభించినప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులను చేర్చి భూమి ఉన్న రైతులతో సమానంగా మొత్తం 13,500 ఇస్తామంది. అదే ఏడాది వచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు తీసుకోవాలి. కార్డుకు యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని యజమానికి భయం. నోటి మాట మీద నడిచే కౌలు కాగితం మీదకు ఎక్కదు. 2025 ఆగస్టు 2న దర్శిలో మొదలైన అన్నదాత సుఖీభవ కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి 20,000 అంటోంది. కౌలుదారులకు కార్డు చిక్కు ఇక్కడా ఎదురవుతుంది.

ఒడిశా ‘కాలియా’ ఈ చిక్కుముడిని మొదట్లోనే గుర్తించింది. చిన్న, సన్నకారు రైతులతోపాటు భూమి లేని కుటుంబాలకు మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల పెంపకం వంటివాటికి 12,500 ఇస్తామంది. తెలంగాణ 2025లో తెచ్చిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసిన భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 ఇస్తుంది. ఇందులో ఒక వింత ఉంది. ఐదు గుంటల భూమి ఉన్న కూలీ ఇల్లు భూమిలేని లెక్కలోకి రాదు. తెలంగాణ రైతు భరోసా కింద దానికి ఏడాదికి వచ్చేది 1,500 రూపాయలు. పక్కింట్లో గుంట కూడా లేని కుటుంబానికి ఎనిమిది రెట్లు.

బ్యాంకు నుంచి ఇంటి దాకా

పథకం ప్రకటించిన చోటికీ డబ్బు అందే చోటికీ మధ్య ఏం జరుగుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగినంత నిశితంగా లెక్కగట్టిన సందర్భాలు ప్రపంచంలోనే తక్కువ. 2010-12 మధ్య ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లోని 157 మండలాల్లో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ప్రభావాన్ని పరిశీలించారు. పోస్టాఫీసు బదులు ఊళ్లోనే ఉండే బ్యాంకు ప్రతినిధి ఉపాధి కూలీ, పింఛను ఇచ్చేవాడు. ఉపాధి కూలీ దాదాపు 29 శాతం వేగంగా అందింది. ఒక్కోసారి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం మేర తగ్గింది. లబ్ధిదారుల్లో 90 శాతానికి పైగా పాత పద్ధతి వద్దన్నారు.

వీళ్లే తర్వాత చూసిన ఇంకో సంగతి అంతకంటే విలువైనది. ఆ మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ సొమ్ము కానే కాదు, బయటి కూలీ వగైరా. ఉపాధి పని నమ్మకంగా దొరుకుతుంటే రైతు దగ్గర కూలీ రేటు గట్టిగా అడిగే ధైర్యం వస్తుంది.

రైతుబంధు మొదటి విడతలోనూ ఇదే బృందం ఒక చిన్న కిటుకు వేసింది. కొన్ని మండలాల అధికారులకు, ‘చెక్కు అందిందో లేదో రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటాం’ అని ముందే చెప్పారు. అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా అందిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు 3.60 రూపాయలు.

జార్ఖండ్ కథ దీనికి పూర్తిగా ఎదురు. రాంచీ దగ్గర నగ్డీ బ్లాకులో 2017 అక్టోబరులో రేషన్ బియ్యం బదులు డబ్బు ఇచ్చే ప్రయోగం మొదలైంది. అంతకుముందు కిలో రూపాయికి దొరికే బియ్యాన్ని ఇప్పుడు 32 రూపాయలకు కొనాలి. 31 ఖాతాలో పడతాయి. కాగితం మీద తేడా ఏమీ లేదు. మనిషి మాత్రం ముందు బ్యాంకుకు పోయి డబ్బు పడిందో లేదో చూసుకోవాలి, తర్వాత ప్రజ్ఞా కేంద్రం అనే సేవా కేంద్రంలో తీసుకోవాలి, అప్పుడు రేషన్ షాపుకు పోవాలి. ఒక నెల బియ్యానికి రెండు మూడు రోజుల కూలి పోయేది. జనం రాంచీ దాకా పాదయాత్ర చేశారు. 2018 ఆగస్టులో ప్రభుత్వం ప్రయోగాన్ని ఎత్తేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల వేళ ఇలాంటిదే ఒకటి అనుకోకుండా జరిగింది. అప్పటిదాకా ఇంటింటికీ పింఛను పంచిన వలంటీర్లను ఎన్నికల సంఘం ఆ పని నుంచి తప్పించడంతో ఏప్రిల్‌లో చాలామంది సచివాలయాల దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. మేలో ఎక్కువ మందికి బ్యాంకు ఖాతాల్లో జమ చేశారు. మండుటెండలో వృద్ధులు బ్యాంకుల ముందు బారులు తీరారు. కొందరి ఖాతాలు వాడకం లేక మూలపడి ఉన్నాయి. మొత్తం అంతే, తారీఖు కూడా దాదాపు అదే. అందుకునే చోటు మాత్రమే మారింది.

ఇరుగుపొరుగు మీద

డబ్బు అందని ఇళ్ల మాటేమిటన్న ప్రశ్నకు జవాబు కెన్యాలోని సియాయా నుంచి వచ్చింది. 653 గ్రామాల ప్రాంతంలో సుమారు 10,500 కుటుంబాలకు ఒక్కొక్కరికి దాదాపు 1,000 డాలర్లు ఇచ్చారు. ఆ ప్రాంతపు స్థానిక ఆదాయంలో అది 15 శాతానికి పైన. అంత సొమ్ము ఒక్కసారి వస్తే ధరలు ఎగబాకుతాయనుకుంటే, సగటు పెరుగుదల 0.1 శాతం దగ్గరే ఆగింది. ఇచ్చిన ఒక్కో డాలరు తిరిగి తిరిగి రెండున్నర డాలర్ల మేర స్థానిక ఆదాయాన్ని కదిలించిందని ఎగర్, మిగెల్, నీహాస్ తదితరులు తేల్చారు. డబ్బు అందని పొరుగు ఇళ్లూ లాభపడ్డాయి: వాళ్ల దుకాణాల్లో అమ్మకాలు పెరిగాయి, వాళ్లకు పని దొరికింది. అయితే ఆ పల్లెల్లో చేతులు ఖాళీగా ఉన్నాయి, దుకాణాల్లో సరుకు అమ్ముడుపోక ఉంది. అలాంటి చోట వచ్చిన ఫలితాన్ని అన్ని చోట్లకూ అంటగట్టలేం.

డబ్బుతో కానివి

జార్ఖండ్‌లో కొత్తగా కాన్పైన తల్లులకు నెలకు సుమారు 500 రూపాయలు ఇచ్చి చూశారు. తల్లీబిడ్డల తిండి మెరుగైంది. కానీ పిల్లల ఎత్తు, బరువుల్లో సగటున మార్పు రాలేదు. పారిశుద్ధ్యం బాగున్న చోట్లనే కొంత కనిపించింది. తిన్నది ఒంటబట్టాలంటే తాగే నీరు, మరుగుదొడ్డి, చుట్టూ ఉన్న మురుగు కూడా బాగుండాలి. అవి ఏ తల్లీ తన ఖాతాలో పడిన డబ్బుతో కొనుక్కోగలిగేవి కావు. డాక్టరు రాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఒకే టీచరున్న బడి కూడా అంతే. నగదు ఇస్తున్నాం కదా అని వీటి బడ్జెట్‌లో కోత పెడితే కుటుంబం ఆ చేత్తో తీసుకున్నది ప్రైవేటు ఆసుపత్రికీ కాన్వెంటుకూ ఈ చేత్తో కడుతుంది.

ధరలతో పాటు పెరగకపోవడం ఇంకో లోటు. పీఎం కిసాన్ మొదలైన 2019లో ఏడాదికి 6,000 రూపాయలు. ఆ అంకె తర్వాత మారలేదు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 2006లో 75 నుంచి 200 రూపాయలకు పెరిగింది. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 చేశారు. 60 నుంచి 79 ఏళ్ల మధ్యవారికి మాత్రం నేటికీ ఆ 200 రూపాయలే. పైన ఎంత కలపాలన్నది రాష్ట్రాల ఇష్టం. తెలంగాణ 2019 నుంచి 2,016 ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ 4,000 ఇస్తున్న రోజుల్లోనే బిహార్‌లో వృద్ధుడికి అందింది 400. 2025 ఎన్నికల ఏడాదిలో అక్కడ అది 1,100 అయింది.